బిడ్డకు డాక్టర్లున్నారు సరే, ఇంట్లోవాళ్ళకు ఎవరున్నారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ముందరేసుకుని కూచుంటే సగానికి సగం ఒకే బాధ. బిడ్డకు పెద్ద జబ్బు, మందులు నడుస్తున్నాయి, కానీ మిగతా బతుకు ఎట్లా అన్నది ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వేయడం లేదు, ఊర్లు మాత్రం ఉంచాను, ఎందుకంటే ఏ ఊరివాళ్ళు ఎక్కడికి పోవాలన్నదే ఇక్కడ అసలు సంగతి.

ప్రశ్న: అక్కా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా పిల్లోనికి ఆరేళ్ళు. పుట్టినప్పుడు ఏడవలేదు, మెదడు దెబ్బతినిందని చెప్పినారు, సెరిబ్రల్ పాల్సీ అని రాసిచ్చినారు. కూచోలేడు, ఫిట్స్ వస్తాయి, మింగలేడు కాబట్టి కొన్ని నెలలుగా ముక్కులో గొట్టంతోనే పాలు, రాగిజావ పోస్తున్నాను. మా ఆయన బెంగళూరులో బేల్దారి పని. ఇంట్లో నేను, మా అత్త. ఆసుపత్రిలో ఏదన్నా సాయం ఉందా అని అడిగితే సచివాలయానికి పొమ్మంటారు, సచివాలయంలో అడిగితే డాక్టరు కాగితం తెమ్మంటారు. పింఛను వస్తుందా? ఇంటికొచ్చి ఎక్సర్‌సైజులు చేయించేవాళ్ళు ఉంటారా? గొట్టం జారిపోయిన ప్రతిసారీ అనంతపురం పోవాల్సిందేనా? రాత్రుళ్ళు నిద్ర లేక నాకే పిచ్చి పట్టేట్టుంది.

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరంలో ఒక్క ప్రశ్న కాదు, నాలుగు శాఖల పని ఉంది. చిక్కంతా అదే. వైద్యం ఒక శాఖ, పింఛను ఒక శాఖ, చదువు, ఫిజియోథెరపీ ఇంకో శాఖ, ఇన్సూరెన్స్ ఢిల్లీలో ఉండే కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్. ఒక శాఖవాళ్ళకు పక్క శాఖలో ఏముందో తెలియదు, తెలుసుకోవాలన్న అవసరమూ వాళ్ళకు లేదు. కాబట్టి ఎవరో ఒకరు అన్నీ వివరంగా చెప్తారని ఎదురుచూడొద్దు. ఎవరి దగ్గర ఏముందో నేను చెప్తాను, నువ్వు పేరు పెట్టి అడుగు. "ఏదన్నా సాయం ఉందా" అని అడిగితే "లేదమ్మా" అనడం సులువు. "భవిత కేంద్రంలో పేరు రాసుకోండి, హోమ్ బేస్డ్ కింద పెట్టండి" అని అడిగితే లేదనడం కష్టం.

మొదట సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సర్టిఫికెట్. ఇది లేకుండా మిగతావేవీ కదలవు. సచివాలయంలో స్లాట్ బుక్ చేయించుకో. ఏ ఆసుపత్రి, ఏ తేదీ అన్నది వాళ్ళే చెప్తారు. వెళ్ళేటప్పుడు బిడ్డ ఆధార్, రేషన్ కార్డు, ఫోటోలు, ఎమ్మారై, ఈఈజీ రిపోర్టులు, ఇప్పటిదాకా ఇచ్చిన డిశ్చార్జి కాగితాలు అన్నీ తీసుకుపో, జిరాక్సులూ ఒరిజినల్సూ రెండూ. బిడ్డకు అయిదేళ్ళు దాటాయి కాబట్టి ఆధార్‌లో వేలిముద్రలు అప్‌డేట్ చేయించావో లేదో ముందే చూసుకో, చాలామందికి పని ఆగిపోయేది అక్కడే. డాక్టరు ముందు కూచున్నప్పుడు కాళ్ళూ చేతుల సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. మాట రాదు, అర్థం చేసుకోవడం తక్కువ, మింగలేడు, ఫిట్స్ ఉన్నాయి అన్నీ చెప్పు. శరీర వైకల్యం, మేధో వైకల్యం రెండూ ఉంటే బహుళ వైకల్యం కింద రాయాలి. రెండు శాతాలనూ ఉత్తినే కూడేయరు, దానికో లెక్క ఉంది, అయినా ఒక్కదానికంటే ఎక్కువే వస్తుంది.

దీంతోపాటే యూడీఐడీ కార్డు, అంటే వైకల్యమున్నవాళ్ళ గుర్తింపు కార్డు కూడా. దేశమంతా చెల్లేది ఇదే. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఈ కార్డుకు మూడు రంగులున్నాయి: 40 శాతం లోపయితే తెలుపు, 40 నుంచి 80 లోపయితే పసుపు, 80, ఆపైన అయితే నీలం. చిన్నపిల్లలకు చాలాసార్లు కొంతకాలానికే సర్టిఫికెట్ ఇస్తారు, దాని మీద గడువు తేదీ చూసి క్యాలెండర్‌లో రాసిపెట్టుకో. గడువు దాటాక ఆగిన పింఛనును మళ్ళీ కదిలించడం పెద్ద తలనొప్పి. 2025లో రాష్ట్రమంతటా వికలాంగుల పింఛన్లను మళ్ళీ పరిశీలించి చాలామందికి నోటీసులిచ్చారు, నిజంగా లేవలేనివాళ్ళు కూడా మళ్ళీ లైన్లో నిలబడాల్సొచ్చింది. అందుకే పాత రిపోర్టు ఒక్కటి కూడా పారేయొద్దు. నోటీసు వస్తే భయపడి ఊరుకోకుండా అప్పీలు పెట్టుకోవాలి, అప్పుడు ఈ పాత కాగితాలే సాక్ష్యం.

పింఛను సంగతి. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు, కండరాల క్షీణత తీవ్రంగా ఉన్నవాళ్ళకు 15,000. చిన్నపిల్లోడని పింఛను ఇవ్వరు అని ఎవరన్నా అంటే నమ్మొద్దు, వైకల్య పింఛనుకు వయసు అడ్డం కాదు. మీ వాడు మంచం దిగలేడు కాబట్టి ఆ పెద్ద మొత్తానికి అర్హుడో కాదో డాక్టరు రాసే మాటలను బట్టి తేలుతుంది. "మంచానికే పరిమితం" అన్నది నిజమైతే ఆ మాట కాగితం మీద ఉండాలి, నువ్వే గుర్తు చేయాలి. ఇందులో మొహమాటం వద్దు.

ఇక ఎక్సర్‌సైజులు. ప్రతి మండలంలో సర్కారు బడుల పథకం సమగ్ర శిక్ష వాళ్ళ భవిత కేంద్రం ఉంటుంది, మామూలుగా మండల కేంద్రంలో ఏదో ఒక సర్కారు బడి ఆవరణలోనే. అక్కడ ప్రత్యేక అవసరాల పిల్లల కోసం టీచర్లుంటారు, వారంలో కొన్ని రోజులు ఫిజియోథెరపిస్టు వస్తారు. కేంద్రానికి తీసుకురాలేని స్థితిలో ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పే పద్ధతి ఉంది, దాన్నే హోమ్ బేస్డ్ ఎడ్యుకేషన్ అంటారు. టీచరు ఇంటికే వస్తారు. రోజూ రారు, అంత ఆశ పెట్టుకోవద్దు, కానీ వచ్చినప్పుడు నీకు నేర్పించి పోతారు, నిజానికి రోజూ చేయించాల్సింది నువ్వూ మీ అత్తే. మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకు పోయి కాగితం మీద అర్జీ ఇచ్చి, ఒక కాపీ మీద సంతకం చేయించుకుని తెచ్చుకో. నోటిమాటగా అడిగింది నోట్లోనే పోతుంది. చక్రాల కుర్చీ, తల నిలబెట్టే ప్రత్యేక కుర్చీ, కాళ్ళకు వేసే ఏఎఫ్ఓలు ఇవన్నీ కొనబోకు. ఇట్లాంటి పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో వాళ్ళు కొలతలు తీసుకునే క్యాంపులు జిల్లాలో పెడుతుంటారు, భవిత టీచరు దగ్గర పేరు ఉంటే నీకు కబురొస్తుంది.

జిల్లా పెద్దాసుపత్రిలో డీఈఐసీ అని ఒక విభాగం ఉంటుంది. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే కింద వచ్చింది. పుట్టుకతో వచ్చే లోపాలు, ఎదుగుదల ఆలస్యం ఉన్న పిల్లలను డాక్టరు, ఫిజియో, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఒకేచోట చూడాలన్నది దాని ఉద్దేశం. అన్ని పోస్టులూ ఎప్పుడూ నిండి ఉండవు, అది వేరే సంగతి. అనంతపురం సర్వజన ఆసుపత్రికి ఎట్లాగూ పోతున్నావు కదా, ఈసారి అక్కడికీ వెళ్ళు, మింగడం గురించి స్పీచ్ థెరపిస్టును అడుగు. చాలామందికి తెలియదు గానీ మింగడం నేర్పేదీ వాళ్ళే. ఇంకోమాట, మీకు బాగా దగ్గరలో ఆర్డీటీ ఉంది. 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తున్న సంస్థ. కళ్యాణదుర్గంలోనే వాళ్ళ ఆసుపత్రి ఉంది, బత్తలపల్లిలో పెద్దది ఉంది, వైకల్యమున్న పిల్లల కోసం వేరే విభాగమే నడుపుతారు. మీ ఊర్లో వాళ్ళ కార్యకర్తలు తిరుగుతూనే ఉంటారు, పట్టుకుని అడుగు.

గొట్టం గురించి. జారినప్పుడల్లా అనంతపురం పోనక్కర లేదు, కానీ నేర్చుకోకుండా సొంతంగా పెట్టడం మాత్రం ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే గొట్టం కడుపులోకి బదులు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఈసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు సిస్టర్ దగ్గర నిలబడి పట్టుబట్టి నేర్చుకో, మీ అత్తకు కూడా నేర్పించు. పోసే ప్రతిసారీ ముక్కు దగ్గర పెన్నుతో పెట్టిన గుర్తు అక్కడే ఉందో లేదో చూడు, అనుమానం వస్తే చుక్క కూడా పోయొద్దు. తల ఎత్తి పట్టుకుని పోయాలి, పోసిన తర్వాత కూడా అరగంటన్నా అట్లే ఉంచాలి. దగ్గు, రొప్పు, పెదవులు నీలంగా మారడం కనబడితే వెంటనే ఆపేసి 108కు ఫోన్ చేయి. అన్నిటికంటే ముఖ్యం, నెలల తరబడి ముక్కు గొట్టంతోనే నెట్టుకొస్తున్నారు కాబట్టి కడుపుకు నేరుగా పెట్టే గొట్టం మావాడికి పనికొస్తుందా అని డాక్టరును నువ్వే అడుగు. కడుపుకు రంధ్రం అనగానే ఇంట్లో పెద్దవాళ్ళు హడలిపోతారు, కానీ ముక్కు గొట్టం తెచ్చే తిప్పలు చాలావరకు తగ్గుతాయి.

ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళంచెవి, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ ఇవేవీ పనిచేయవు. టైము చూడు. అయిదు నిమిషాలు దాటితే 108. ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఇంట్లో పెట్టుకోవచ్చా అని డాక్టరును అడిగి చీటీ రాయించుకో.

నిరామయ అని ఒక ఇన్సూరెన్స్ ఉంది, దీని గురించి మన జిల్లాల్లో చెప్పేవాళ్ళు బాగా తక్కువ. నేషనల్ ట్రస్ట్‌ది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకు ఏడాదికి లక్ష రూపాయల దాకా. ముందు నుంచీ ఉన్న జబ్బు అని తోసేయరు, వైద్య పరీక్షలూ ఉండవు. పేద కుటుంబాలకు చేరే ఫీజు 250, మిగతావాళ్ళకు 500. ఓపీ మందులు, పరీక్షలు, థెరపీ ఖర్చులు, ఆసుపత్రికి పోయిరావడానికయ్యే ఖర్చు కూడా ఒక్కోదానికి ఒక్కో పరిమితితో ఇస్తారు. ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో, ఆపరేషన్లు, అడ్మిషన్లు జరుగుతాయి గానీ నెలనెలా మెడికల్ షాపులో పెట్టే డబ్బుకు దారి తక్కువ, నిరామయ ఆ లోటును కొంత పూడుస్తుంది. ముందు మనం పెట్టుకుని తర్వాత బిల్లులు పంపాలి, కాబట్టి షాపువాడు తెల్లకాగితం మీద రాసిస్తే ఒప్పుకోకుండా జీఎస్టీ నంబరున్న బిల్లు అడుగు.

బెంగళూరుకు తీసుకుపోయేటప్పుడు రైల్లో బిడ్డకూ, తోడుగా పోయే ఒకరికీ స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఉంది. రైల్వే ఇచ్చే కార్డు కోసం వేరే అర్జీ పెట్టాలి, ఆసుపత్రి డాక్టరు సంతకం కావాలి. ఒకసారి చేయించుకుంటే కొన్నేళ్ళు ఉంటుంది.

చివరగా నీ నిద్ర. రాత్రి మందులు, గొట్టం పని మీ అత్తకు వచ్చేస్తే వారంలో రెండు రాత్రులన్నా నువ్వు పక్క గదిలో పడుకోవచ్చు. "ఆమెకు చేతకాదు" అనుకోవద్దు, ఇంతమందిని పెంచిన మనిషి. మీ ఆయన ఊరికొచ్చినప్పుడు చుట్టంలాగా కూచోబెట్టి భోజనం పెట్టకుండా, ఉన్న నాలుగు రోజులూ బిడ్డ పనంతా ఆయనకే అప్పగించు. తల్లి పని అనే మాట వస్తే నా పేరు చెప్పు. మనసు మరీ పాడైతే 14416కు ఫోన్ చేయి, టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా ఎత్తుతారు. ఇంటికి నర్సు వచ్చి నాలుగు గంటలు చూసుకునే ఏర్పాటు ఉంటే ఇవన్నీ చెప్పాల్సిన అవసరమే ఉండదు. తల్లులకు అన్నిటికంటే కావాల్సింది అదే, అన్నిటికంటే దొరకనిదీ అదే, ఈ విషయంలో నాకు సర్కారు మీద కోపం ఉంది, దాచుకోను.

ప్రశ్న: మేడం గారూ, మాది ప్రొద్దుటూరు, చీరల షాపులో పని చేస్తాను. పాపకు తొమ్మిదేళ్ళు, తలసీమియా మేజర్. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక బ్లడ్ బ్యాంకులో ప్రతిసారీ మా తరఫున ఇంకొకరు రక్తం ఇస్తేనే బాటిల్ ఇస్తామంటున్నారు. చుట్టాలు, స్నేహితులు అందరూ అయిపోయారు. ఇప్పుడు నా భార్యకు రెండో నెల. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: చివరి వాక్యం ముందు చూద్దాం, ఎందుకంటే దానికి టైము లేదు. మీ ఇద్దరూ తలసీమియా వాహకులే, అంటే మీకు జబ్బు లేకున్నా దాని జన్యువు మీలో ఉంది, కాబట్టి ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కడుపులో బిడ్డకు ఉందో లేదో గర్భం 11, 12 వారాలప్పుడు చేసే పరీక్షతో తెలుస్తుంది. దానికి ముందు మీ ఇద్దరి జన్యు పరీక్ష రిపోర్టు కావాలి, అది రావడానికి రోజులు పడుతుంది, అందుకని ఈ వారమే గైనకాలజిస్టు దగ్గరికి పోయి తలసీమియా సంగతి చెప్పి, హైదరాబాదుకో వేలూరుకో రాయించుకోండి. మీది మేనరికమైతే మీ ఇద్దరి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పిల్లల్లో పెళ్ళీడుకొచ్చిన వాళ్ళందరికీ వాహకులో కాదో తేల్చే హెచ్‌బీ ఏ2 పరీక్ష చేయించండి. చిన్న రక్త పరీక్షే. సంబంధం కుదరదేమోనని దాచే ఇళ్ళు నాకు తెలుసు, ఆ దాపరికం ఖరీదు మూడు వారాలకోసారి మీరు చూస్తూనే ఉన్నారు.

రక్తం సంగతి: తలసీమియా పిల్లలకు బదులు దాత కావాలని అడగకూడదు, ప్రాసెసింగ్ ఛార్జీ కూడా తీసుకోకూడదు, జాతీయ రక్తమార్పిడి మండలి చెప్పిన మాట ఇది. కడప రిమ్స్ బ్లడ్ బ్యాంకులో పాప పేరు నమోదు చేయించండి, రెడ్‌క్రాస్ వాళ్ళనూ కలవండి. మళ్ళీ అడిగితే రాతపూర్వకంగా ఇవ్వమనండి, చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో అర్జీ పెట్టండి.

2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, తలసీమియా అందులో ఒకటి. నడుస్తోంది, చదువుకుంటోంది, వికలాంగురాలు ఎట్లా అవుతుంది అని మీకే అనిపించొచ్చు, బంధువులూ అంటారు. అనుకోనీండి. తీవ్రమైన తలసీమియాకు నెలకు 10,000 పింఛను ఉంది, డాక్టరు సర్టిఫికెట్‌తో సచివాలయంలో అడగండి. రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9 కంటే కిందికి పోనీయొద్దు, ఒంట్లో ఇనుము ఎంత పేరుకుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష మూడు నెలలకోసారి చేయించండి, రక్తం ఎక్కించేకొద్దీ పేరుకునే ఆ ఇనుము తగ్గించే మందు మాత్రం ఒక్క పూట మానకూడదు. ఎక్కువమంది పిల్లలు పాడయ్యేది రక్తం అందక కాదు, ఆ మందు మానేయడం వల్ల. ఇంకో బిడ్డ ఉంటే హెచ్‌ఎల్‌ఏ, అంటే మూలుగ సరిపోతుందో లేదో చెప్పే రక్త పరీక్ష, కలుస్తుందేమో చూపించండి, కలిస్తే మూలుగ మార్పిడి గురించి మాట్లాడొచ్చు.

ప్రశ్న: అమ్మా, నేను ఆదోని నుంచి రాస్తున్నాను. మా మనవడికి నాలుగు నెలలు. డౌన్ సిండ్రోమ్ అన్నారు, గుండెలో పెద్ద రంధ్రం కూడా ఉందంట. పాలు తాగుతుంటే చెమటలు పడతాయి, ఆయాసం. కొందరు చుట్టాలు "ఎట్లాగూ బుద్ధి ఎదగని బిడ్డ, ఆపరేషన్ ఎందుకు, కొన్నాళ్ళు చూడండి" అంటున్నారు. నా కోడలు రాత్రింబవళ్ళు ఏడుస్తోంది. మీరేమంటారు?

జవాబు: పెద్దాయనా, ఆ చుట్టాలను ఇంటికి రావద్దని చెప్పండి. కటువుగా అనిపించినా మీ వయసుకు ఆ మాట చెల్లుతుంది, మీ కోడలు చెప్తే చెల్లదు. చూస్తూ కూచునే జబ్బు కాదిది. డౌన్ పిల్లలకు పెద్ద రంధ్రం ఉంటే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి మిగతా పిల్లలకంటే తొందరగా పెరుగుతుంది, ఒక హద్దు దాటాక ఆపరేషన్ చేయడానికే వీలుండదు. సాధారణంగా ఆరు నెలల లోపే చేయాలని చూస్తారు, మీవాడికి నాలుగు నెలలు నిండాయి కదా. ఆపరేషన్ అయిన డౌన్ పిల్లలు బడికి పోతారు, మాట్లాడతారు, ఇంటి పనుల్లో చెయ్యేస్తారు.

దారి చెప్తాను. కర్నూలు పెద్దాసుపత్రిలో ఎకో, అంటే గుండె స్కాన్, చేయించి రిపోర్టు తీసుకోండి, అక్కడే డీఈఐసీలో కూడా పేరు రాయించండి, ఆర్‌బీఎస్‌కే ద్వారా గుండె ఆపరేషన్‌కు పంపే పద్ధతి వాళ్ళ దగ్గర ఉంది. తిరుపతిలో టీటీడీ వాళ్ళ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021లో మొదలైంది, పిల్లల గుండెకే ప్రత్యేకం. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నుంచి ఉంది, బిల్లు కౌంటరే లేని ఆసుపత్రి, ఎవరికైనా ఉచితం. రెండుచోట్లా ఒకేసారి ప్రయత్నించండి, ముందు ఎవరు తేదీ ఇస్తే అక్కడికే పోండి. "తొందరగా బెడ్డు ఇప్పిస్తా" అని ఆసుపత్రి గేటు దగ్గర పలకరించేవాడికి రూపాయి ఇవ్వొద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్న ఆసుపత్రిలో అయితే ఆ పథకం తరఫున బ్యాడ్జీ పెట్టుకుని ఒకరు కౌంటర్‌లో కూచుంటారు, వారిని తప్ప మధ్యలో ఇంకెవరినీ నమ్మకండి. ఈలోపు జ్వరం, దగ్గు ఉన్నవాళ్ళను బిడ్డ దగ్గరికి రానీయొద్దు, టీకాలు ఆపొద్దు, థైరాయిడ్ పరీక్ష అయిందో లేదో అడగండి, డౌన్ పిల్లల్లో ఆ సమస్య ఎక్కువ.

మీ కోడలికి "ఇది నీ తప్పు కాదు" అని ఎవరన్నా చెప్పారా? మీరు చెప్పండి, నలుగురి ముందర.

ప్రశ్న: మేమిద్దరం కర్నూలులో సర్కారు ఉద్యోగులం. పదేళ్ళ అబ్బాయికి డుషెన్ కండరాల క్షీణత. సచివాలయంలో అడిగితే మీకు ఏమీ రాదు అన్నారు. నిజమేనా? బడివాళ్ళు క్లాసు మొదటి అంతస్తులో ఉంది, మేమేం చేయలేం అంటున్నారు.

జవాబు: పింఛను రాదు, అది నిజం. "ఏమీ రాదు" అన్నది అబద్ధం. యూడీఐడీ కార్డుకు ఆదాయంతో పని లేదు, రైలు రాయితీ అంతే. పాత పద్ధతిలో ఇన్‌కం ట్యాక్స్ కడుతుంటే వైకల్యమున్న బిడ్డ పోషణ కింద 75,000 మినహాయింపు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. కొత్త పద్ధతిలో ఇది లేదు, లెక్కేసుకుని ఎంచుకోండి. అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021లో వచ్చింది, గుర్తింపు పొందిన పెద్ద కేంద్రాల్లో చికిత్సకు 50 లక్షల దాకా సాయం చేసే వీలుంది. మనకు దగ్గరివి హైదరాబాదులో నిమ్స్, బెంగళూరులో ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి. మీ అబ్బాయికి ఏ చికిత్స పనికొస్తుందో తేల్చాల్సింది అక్కడి డాక్టర్లు, ముందు పేరు నమోదు కావడం ముఖ్యం. అమెరికా ఇంజెక్షన్ అంటూ ఆన్‌లైన్‌లో చందాలు ఎత్తిస్తామనేవాళ్ళు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు, అక్కడి డాక్టరు మాట వినకుండా దేనికీ ఊ అనొద్దు.

బడి సంగతి సులువు. 2016 చట్టం ప్రకారం ఆ పిల్లోడికి అందుబాటులో క్లాసు ఏర్పాటు చేయాల్సిన బాధ్యత బడిదే. గదిని పిల్లోడి దగ్గరికి దించాలి, అంతే, ఆ సెక్షన్‌ను కింద పెడితే ఎవరి సొమ్మూ పోదు. డీఈఓకు రాయండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపకండి, ఏటా గుండె ఎకో చేయించండి, పన్ను పీకించడానికి పోయినా సరే మత్తు ఇచ్చే డాక్టరుకు జబ్బు పేరు ముందే చెప్పండి. ఈ జబ్బు చాలాసార్లు తల్లి వైపు నుంచి వస్తుంది, బాబు తల్లికి అక్కచెల్లెళ్ళు ఉంటే పిల్లల్ని కనేముందు పరీక్ష చేయించుకోమనండి. తల్లిని నిందించడానికి కాదు చెప్పేది, ఇంకో ఇంట్లో ఇదే ఉత్తరం రాయాల్సిన అవసరం రాకూడదని.

ప్రశ్న: కడప నుంచి ఒక అమ్మను. కూతురికి వచ్చే ఏడాది 18 నిండుతాయి, మేధో వైకల్యం, ఫిట్స్. బ్యాంకువాళ్ళు మేజర్ అయ్యాక నా సంతకం చెల్లదంటున్నారు. మా ఆయన లేరు.

జవాబు: బ్యాంకువాళ్ళు చెప్పింది సరైందే. 18 దాటితే తల్లి కూడా చట్టం దృష్టిలో తనంతట తాను గార్డియన్ కాదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, గార్డియన్‌గా నియమించేది అదే. కోర్టుకు పోనక్కర లేదు, వకీలు అక్కర లేదు. కలెక్టరేట్‌లో విభిన్న ప్రతిభావంతుల (వికలాంగుల) సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) ఆఫీసులో ఫారం అడగండి. అమ్మాయి సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్‌లు, పుట్టిన తేదీ కాగితం, మీ ఆయన మరణ ధ్రువీకరణ జతచేయండి. కమిటీ తరచుగా కూచోదు, అందుకని ఫారం, కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకుని, 18 నిండిన వెంటనే అర్జీ వేయండి. మీ తర్వాత ఎవరు అన్నదీ అప్పుడే మాట్లాడుకోవాలి. తమ్ముడో, అక్క కూతురో, అమ్మాయికి ముందు నుంచీ చనువున్న మనిషి అయితే మేలు, ఆస్తి మీద కన్నున్న మనిషి వద్దు. వాళ్ళనూ ఒకసారి ఏడీ ఆఫీసుకు వెంట తీసుకుపోండి, అర్జీ ఇచ్చాక తేదీ, నంబరు వేసిన రసీదు తీసుకోకుండా అక్కడి నుంచి కదలొద్దు.